గోరింక గూట్లో తెల్ల కాయితం

పశువైద్యంలో చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మీ రోజుల్లో ఉద్యోగం ఎలా ఉండేదండీ?" అని అడుగుతుంటారు. ఏ సంవత్సరం ఏ ఊరికి బదిలీ అయిందో, ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో చెబితే వాళ్లకేం ఉపయోగం? అందుకని ఆ సంగతులు పక్కన పెట్టి, నేను భయపడిన సంగతి రాస్తున్నాను. ఎద్దు తంతుందనో, బర్రె పొడుస్తుందనో భయం కాదది. అలాంటివి ఆరు నెలల్లో పోతాయి. చెట్టు మీద పిట్ట గూడు కనబడితే గుండె దడదడలాడేది. అదెలా మొదలైందో చెబుతాను.

ముందు కన్ను

యాభైల్లో గురజాలలో చేరాను. నా మొదటి పై అధికారి మహా కోపిష్టి. నేను కాలేజీలో నేర్చుకున్న మాటలు ఏకరువు పెడితే, "అదంతా నువ్వు చదివావోయ్, గేదె చదవలేదు. ముందు దాని కన్ను చూడు" అని కసిరేవాడు. ప్రతి కేసులోనూ అదే పాట. కన్ను ఎర్రబడిందా, పసుపెక్కిందా, నీరు కారుతోందా, కంటిపాప పెద్దదైందా చిన్నదైందా? అవన్నీ చెప్పిన తర్వాతే మిగతా గొడ్డు మీద చెయ్యి వేయనిచ్చేవాడు. ఆయన దగ్గర తిన్న తిట్లకు లెక్కలేదు గాని, నాకు పని నేర్పింది ఆయనే.

తర్వాత మాచర్ల వైపు పనిచేసినప్పుడు పైకి చూడటం అలవాటైంది. అడవి అంచు ఊళ్లలో గొడ్లకు జబ్బు చేస్తే మాకు కబురొచ్చేది కాదు. రాబందులు ఎక్కడ గుంపుగా తిరుగుతున్నాయో చూసి సైకిలు అటు తిప్పేవాణ్ణి. అక్కడ ఏదో ఒక ఊరి బయట రెండు మూడు గొడ్లు చచ్చి పడి ఉండేవి. మనుషులు దాచినా పక్షులు దాచవని అప్పుడు నవ్వుకుంటూ అనుకునేవాణ్ణి. ఆ నవ్వు తర్వాత ఉండలేదు.

సంచి లోపలి సంచి

అరవైల చివర్లో నకరికల్లుకు వచ్చేసరికి సాగర్ కాలవ నీళ్లు కొత్తగా పారుతున్నాయి. తాతల కాలం నుంచి జొన్నా సజ్జా వేసిన నేలలో వరి, పత్తి, మిరప మొదలయ్యాయి. వాటితో పురుగూ వచ్చింది, పురుగుతో పొడి మందూ వచ్చింది. గోనె సంచుల్లో వచ్చేది. గోనె లోపల ఇంకొక పల్చటి తెల్ల సంచి. లాగితే సాగుతుంది, నీళ్లు పోస్తే కారదు. ఊళ్లో దానికి ఇంకా పేరు కుదరలేదు. కొందరు మైనం కాయితం అన్నారు, కొందరు తెల్ల కాయితం అన్నారు. ప్లాస్టిక్ అనే మాట పొలాల్లోకి రాలేదింకా.

దాన్ని చూసి జనం పడిన సంతోషం మీరిప్పుడు ఊహించలేరు. వానొస్తే పిల్లలకు గొంగడిలాగా కప్పారు. కుండ మూతికి కట్టారు. చద్దన్నం మూట కట్టుకుని పొలానికి పోయారు. పేలికలుగా చీల్చి గోంగూర కట్టలకు, పందిరి గుంజలకు చుట్టారు. మిగిలిన ముక్కలు గాలికి ఎగిరి కంపల్లో చిక్కుకుని మెరుస్తుండేవి. బీదవాడి ఇంట్లో అంత తెల్లని, అంత నున్నని వస్తువు అంతకు ముందు లేదు మరి. వాళ్లను నేను తప్పు పట్టను.

బావి గోడలో

ఎండాకాలం మొదట్లో దగ్గరలోని ఒక ఊరికి ఈనలేక అవస్థ పడుతున్న బర్రెను చూడటానికి వెళ్లాను. ఊరి పేరు రాయను. నాతో మా కాంపౌండరు మస్తాన్ వచ్చాడు. వయసులో నాకంటే పెద్ద, నిదానస్తుడు. దూడ క్షేమంగా బయటపడింది. చేతులు కడుక్కోవటానికి పొలంలో మోటబావి దగ్గరకు పోయాం.

బావి గట్టు మీద ఒక గోరింక పక్కకు ఒరిగి కొట్టుకుంటోంది. ముక్కు నుంచి తీగలాగా జొల్లు. రెక్కలు సన్నగా వణుకుతున్నాయి. దెబ్బేమో అనుకుని చేతిలోకి తీసుకున్నాను. అలవాటు కొద్దీ కన్ను చూశాను. కంటిపాప సూదిమొనంత అయిపోయి ఉంది. నా చేతిలోనే చచ్చిపోయింది.

"సార్, ఇటు చూడండి" అన్నాడు మస్తాన్. గోడ రాళ్ల సందులో గూడు. అందులో ఈకలు రాని పిల్లలు నోళ్లు తెరుచుకుని చచ్చిపడి ఉన్నాయి. మస్తాన్ గూడును కర్రతో బయటికి లాగాడు. గడ్డీ గాదం తక్కువ, తెల్ల కాయితం పేలికలు ఎక్కువ. పేలిక మడతల్లో బూడిద రంగు పొడి. ముక్కు దగ్గర పెట్టుకోబోయి ఆగాను. దూరం నుంచే కుళ్లిన వెల్లుల్లి వాసన వస్తోంది.

ఆ వాసన నాకు తెలుసు. కిందటి ఏడాది ఒక రైతు పేలు పోతాయని ఆ పొడి దూడ ఒంటికి రుద్దాడు. అదీ ఇలాగే జొల్లు కారుస్తూ, వణుకుతూ పోయింది. కంటిపాప ఇలాగే కుంచించుకుపోయింది.

దవాఖానాకు తెచ్చి గోరింక పొట్ట కోశాను. లోపల గింజల్తో పాటు నలిగి ఉండ చుట్టుకుపోయిన తెల్ల ముక్క ఉంది. మస్తాన్ దాన్ని చిమటాతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి, "ఇది ఊరంతా ఉంది గదా సార్" అన్నాడు. ఆ ఉదయం బర్రె ఇంటివాళ్లు నాకు మజ్జిగ తెచ్చిన కుండ మీద ఏం కట్టి ఉందా అని గుర్తు చేసుకుంటున్నాను. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. సాయంత్రం దాకా అద్దంలో నా కళ్లు నేనే చూసుకున్నాను.

మన శాఖ కాదు

అప్పటి మా జిల్లా అధికారి క్యాంపుకు నరసరావుపేట వస్తే బంగళాకు వెళ్లి కలిశాను. గోరింకను సీసాలో పెట్టి తీసుకెళ్లాను. ఆయన సీసా వైపు చూసి మొహం చిట్లించాడు.

"గొడ్డేమన్నా చచ్చిందా?"

"లేదండి. కాని ఈ సంచులు ఇళ్లలోకి పోయినయ్యండి. మనుషులు..."

"మనుషులకు మనుషుల డాక్టర్లున్నారు. పంటకు వ్యవసాయం వాళ్లున్నారు. కాకులూ గోరింకలూ మన శాఖ కాదయ్యా. వెళ్లి టీకాల పని చూసుకో."

ఆయన చెడ్డవాడేం కాదు. నిజాయితీపరుడు, పైసా ముట్టడు. కాని తన గడప దాటి ఒక అడుగు వేయడానికి వణికేవాడు. అటువంటి అధికారులు మీకూ తగులుతారు. వాళ్లను ద్వేషించకండి. వాళ్ల మాట విని ఇంటికి మాత్రం పోకండి.

నకరికల్లులో బస్సు దిగి తిన్నగా ఆ ఊరికే బయల్దేరాను. దవాఖానా నుంచి మస్తాన్ కూడా మందుల సంచి పట్టుకుని నాతో వచ్చాడు.

గుడి ప్రతిష్ఠ

ఊరి ప్రెసిడెంటు హనుమయ్య గారు పెద్ద రైతు. పొడి మందు ఎక్కువగా తెప్పించిందీ ఆయనే. నేను వెళ్లేసరికి ఉతికిన ఉత్తరీయం వేసుకుని ఎక్కడికో బయల్దేరుతున్నాడు. సంగతి చెప్పాను.

"ఏంది డాక్టరు గారూ, పిట్టలు సచ్చినయ్యని నా ఇంటికొచ్చారా? పురుగు సావటానికేగా మందేసింది. పురుగు తిన్న పిట్ట సస్తది."

"పురుగు తిని కాదండి. సంచి లోపలి కాయితం వల్ల. ఖాళీ సంచులు ఎక్కడున్నాయి?"

"గోనెలు నాకాడే ఉన్నయ్. లోపలియ్యి మనకెందుకు? అడిగినోళ్లకల్లా ఇచ్చా. మొన్న పల్లె పాస్టరు అయ్యగారు కూడా అడిగితే మోపుడు ఇప్పించా. ఇయ్యాల పల్లెలో వాళ్ల కొత్త గుడి ప్రతిష్ఠ. ఊరంతటికీ భోజనం. అన్నం రాశి పోసుకోడానికి కావాలన్నారు. నన్నూ పిలిచారు, అక్కడికేగా పోతన్నా."

"అన్నం ఆ కాయితాల మీదా?" అన్నాను. ఆయన నా మొహం చూసి ఏమనుకున్నాడో, "పదండి" అన్నాడు.

గుడి దగ్గర పందిళ్లు వేసి, రంగు కాగితాలు కట్టారు. పాటలు పాడుతున్నారు. పిల్లలు కొత్త గౌన్లు, చొక్కాలు వేసుకుని పరుగులు పెడుతున్నారు. పందిరి కింద తెల్ల కాయితాలు అంచు అంచు కలిపి దారంతో కుట్టి, పెద్ద జంపఖానాలాగా పరిచారు. దాని మీద తెల్లటి అన్నం, పొగలు కక్కుతోంది. అప్పుడే విస్తళ్లు వేస్తున్నారు.

నేను అరిచాను. ఏమని అరిచానో నాకు తెలియదు. పాట ఆగింది.

పాస్టరు అయ్యగారు పెద్దాయన, మెత్తని మనిషి. గబగబా నా దగ్గరకొచ్చాడు. "డాక్టరు గారూ, అవి మామూలు సంచులని మేమూ అనుకోలేదు. ఆడవాళ్లు కాలవలో కడిగారు. రెండు మాట్లు కడిగారు."

"కుట్టు సందుల్లో పొడి పోదయ్యగారూ. వేడి అన్నం పడితే దిగుతుంది. దయచేసి ఎవరినీ ముట్టనీయకండి."

వంట చూస్తున్న మరియమ్మ గరిటె పట్టుకుని ముందుకొచ్చింది. తెల్లవారకముందు నుంచీ పొయ్యి దగ్గరే ఉందట. చెమటలు కారుతున్నాయి. "ఏంది డాక్టరయ్యా, గొడ్డుకి చెప్పినట్టు చెప్తన్నావ్? ఇంతమంది ఆకలితో ఉంటే అన్నం పారబొయ్యమంటావా? ఇప్పుడే నేను తిని చూశా. మా శాంతికీ పెట్టా. ఏమైంది మాకు?" పక్కన ఆమె మనవరాలు శాంతి, బడికి పోయే ఈడు పిల్ల, నాయనమ్మ కొంగు పట్టుకుని నిలబడింది.

జనం నావైపు అనుమానంగా చూస్తున్నారు. పై ఊరి ఉద్యోగిని, పశువుల డాక్టర్ని. వాళ్ల పండగ చెడగొట్టడానికి వచ్చినవాణ్ణి. ఏం చెప్పి ఒప్పించాలో తెలియలేదు. అప్పుడు ఒక్కసారిగా నాకు తట్టింది. ఇంత అన్నం ఉన్నచోట ఒక్క కాకి అరుపు కూడా లేదు.

"ఇందాక కాకులు వచ్చాయా?" అని అడిగాను.

"రాకేం? మొదటి వాయి పోసినప్పుడు ఎగబడ్డయ్. కొట్టలేక సచ్చాం" అందొక ఆడమనిషి.

"ఇప్పుడెక్కడున్నాయి?"

హనుమయ్య గారు గుడి వెనక్కి నడిచాడు. ఆయన వెంట నేను, మా వెంట అయ్యగారు. సున్నం కొట్టిన కొత్త గోడ నీడలో కాకులు పడి ఉన్నాయి. కొన్ని చచ్చిపోయాయి. కొన్ని మట్టిలో ముక్కు పొడుచుకుంటూ గిరగిరా తిరుగుతున్నాయి. హనుమయ్య గారు ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అయ్యగారు మాత్రం పరుగున వెనక్కి పోయి, రెండు చేతులూ చాచి అన్నానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఎవరూ ముట్టొద్దు. దేవుడి పేరు మీద చెప్తన్నా, ఎవరూ ముట్టొద్దు" అని ఏడుస్తూ అరిచాడు.

అప్పుడే శాంతి వాంతి చేసుకుంది.

సూది

పిల్ల కళ్లు చూశాను. రెండు పాపలూ చుక్కల్లా అయిపోయాయి. నోటి నుంచి నురగ. కనురెప్పలు అదురుతున్నాయి. మరియమ్మవీ చూశాను. పొయ్యి వేడికి పట్టిందనుకున్న చెమట పొయ్యిది కాదు.

దీనికి విరుగుడు మా సంచిలోనే ఉంది. అట్రోపిన్. గొడ్లకు విషం తగిలినప్పుడు వాడతాం. మనిషికి ఎంత వేయాలో నేను చదువుకోలేదు. ఎక్కువైతే అదే చంపుతుంది. ఆస్పత్రి నరసరావుపేటలో ఉంది, అంతదాకా ఆ పిల్ల ఆగదు.

మస్తాన్ నా చెయ్యి పట్టుకుని గుసగుసగా అన్నాడు. "సార్, మనుషులకు మనం సూదెయ్యకూడదు. ఏమన్నా అయితే ఉద్యోగం కాదు, జైలు."

"తెలుసు. సూది మరిగించటానికి వేణ్ణీళ్లు పట్టు."

దూడకు వేసేది తలుచుకుని, పిల్ల బరువు చూపుతో అంచనా వేసి, అందులోనూ తగ్గించి వేశాను. తర్వాత మరియమ్మ చెయ్యి పట్టుకుంటే వెనక్కి లాక్కుంది.

"ఉన్నది ముందు దానికెయ్యి బాబూ."

"నీకూ ఉంది మరియమ్మా, చెయ్యివ్వు."

"నేను పెట్టిన ముద్దే గదయ్యా అది తిన్నది" అంది. అప్పటికి ఆమెకు మాట ముద్దగా వస్తోంది. బలవంతంగా చెయ్యి పట్టుకుని వేశాను.

హనుమయ్య గారు రోడ్డు మీదికి పరుగెత్తి కాలవ పనికి రాళ్లు తోలే లారీకి అడ్డం పడ్డాడు. రాళ్ల మీదే దుప్పట్లు పరిచి ఇద్దరినీ పడుకోబెట్టాం. నకరికల్లులో ఆగి దవాఖానాలో మిగిలిన అట్రోపిన్ అంతా తెచ్చుకున్నాను. దారంతా నా పని ఒక్కటే. ఒకరి కన్ను, తర్వాత ఇంకొకరి కన్ను. పాప కొంచెం విప్పారితే ఊపిరి పీల్చేవాణ్ణి, మళ్లీ కుంచించుకుంటే మళ్లీ సూది. అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. లారీ కుదుపులకు ఆయన తల ఇనప రేకుకు కొట్టుకుంటున్నా తెలియలేదు.

నరసరావుపేట దగ్గర పడేసరికి శాంతి బుగ్గలు ఎర్రబడ్డాయి. నోరెండిపోతోంది, నీళ్లు కావాలంది. విరుగుడు పనిచేసిన గుర్తులవి. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. మరియమ్మ గొంతులో మాత్రం గరగర తగ్గలేదు. ఆమె రుచి చూసింది ఒక ముద్ద కాదు. అడుగున కుట్ల దగ్గర అంటుకున్న మెతుకులు వృథా పోకూడదని తీసుకుని తిన్నదట. పొద్దుగుంకక ముందే ఆస్పత్రిలో పోయింది.

అక్కడి డాక్టరు నన్ను బయటకు పిలిచి, "ఈ పిల్లకు దారిలో సూది వేసిందెవరు?" అని అడిగాడు.

"నేనేనండి. గొడ్ల డాక్టర్ని."

"మీరు వేయకపోతే ఇక్కడిదాకా వచ్చేది కాదు. ఈ మాట మీరెక్కడా అనకండి. నేనూ అనను."

ఇన్నేళ్లూ ఆయన అన్లేదు. ఇప్పుడు నేనే అంటున్నాను.

గూళ్లను బట్టి ఇళ్లు

మరియమ్మ సమాధి కార్యక్రమం అయ్యాక అసలు భయం మొదలైంది. కాయితాలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయి? టముకు వేయించాం. జనం కొన్ని తెచ్చి ఇచ్చారు, కొన్ని దాచారు. దాచినవాళ్లను నేను తిట్టలేదు. ఇల్లు కారుతుంటే పైన కప్పుకోవటానికి వేరే ఏముంది వాళ్లకు? "మాది బాగా కడిగాం" అనే ప్రతివాడూ అన్నాడు.

అప్పుడు నేనూ మస్తానూ తల పైకెత్తి నడవటం మొదలుపెట్టాం. గోరింకలు, కాకులు, పిచ్చికలు దూరం పోయి ఏరుకురావు. ఇంటి చుట్టుపక్కల దొరికిందే గూట్లో పెడతాయి. ఏ చూరులో, ఏ చెట్టు మీద గూట్లో తెల్ల పేలిక వేలాడుతుంటే ఆ దగ్గర ఇళ్లు వెతికేవాళ్లం. ఎక్కడో ఒకచోట దొరికేది. ఉప్పు కుండలో ఒకటి, విత్తనాల బాన మీద ఒకటి, ముసలాయన పక్క కింద ఒకటి. చచ్చిన పిల్లలున్న గూడు కనబడితే ఆ ఇంటి తలుపు కొట్టడానికి నా చెయ్యి లేచేది కాదు.

హనుమయ్య గారు మొదట మాతో తిరగలేదు. "మా ఇంట్లో ఒక్కటి లేదు, అన్నీ ఇచ్చేశా" అన్నాడు. ఒకరోజు ఆయన ఇంటి అరుగు మీద నేను కూర్చుని మంచినీళ్లు తాగుతుంటే, గోడ మీద పటం వెనక పిచ్చిక దూరింది. పటం కింద నుంచి తెల్లగా ఒక పోగు వేలాడుతోంది. నేను చూశాను. నా చూపు వెంట ఆయనా చూశాడు.

ఆయన లేచి లోపలికి పోయాడు. లోపల ఉయ్యాల చప్పుడు ఆగింది. "ఏమే కోటేశ్వరీ, బిడ్డ కింద ఏమేశావే?" అని కోడల్ని అడుగుతున్న ఆయన గొంతును నేను గుర్తు పట్టలేకపోయాను.

"పక్క తడవకుండా వేశా మామయ్యా, గుడ్డ కింద..."

ఆయన పసివాణ్ణి రెండు చేతుల్లో పట్టుకుని బయటికి వచ్చి నా ముందు నిలబడ్డాడు. "చూడండి డాక్టరు గారూ. కళ్లు చూడండి."

వెలుతురులోకి తిప్పి చూశాను. కంటిపాపలు మామూలుగా ఉన్నాయి. మళ్లీ చూశాను. "బాగానే ఉన్నాడండి" అన్నాను. అని, బిడ్డకు సబ్బుతో ఒళ్లు కడిగించాను. ఆ మర్నాటి నుంచి హనుమయ్య గారు మాకంటే ముందే ప్రతి గడపా తొక్కాడు. ఇవ్వనన్నవాళ్లకు తన కొట్లోని మందు తగలని గోనె పట్టాలు ఇచ్చి మరీ కాయితాలు తీసుకున్నాడు. బావులకు దూరంగా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాం.

విజయపురి సౌత్

కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. మీ ముందుకు తెచ్చిన గొడ్డును మాత్రమే చూసి ఊరుకోకండి. పిట్టకు యజమాని ఉండడు, దాన్ని మీ దగ్గరకు ఎవరూ తీసుకురారు. మీరే చూడాలి. చూశాక చెప్పాలి. నవ్వుతారు, విసుక్కుంటారు, మన శాఖ కాదంటారు. అయినా చెప్పాలి.

ఆ ఊరు శుభ్రమైందని అనుకున్న కొన్నాళ్లకు నాకు విజయపురి సౌత్‌కు బదిలీ అయింది. నా భార్య సుగుణ, పిల్లలు, పెట్టే బేడా. మాచర్ల మీదుగా పోయే బస్సులో మధ్యాహ్నానికి దిగాం. డ్యాము పనివాళ్లు, ఇరిగేషన్ వాళ్లు, బస్సులు, ఒకటే సందడి. సుగుణకు ఊరు నచ్చింది. చాన్నాళ్లకు నాకూ తేలిగ్గా అనిపించింది.

"ఏమండీ, క్వార్టర్సు అటు కదా? ఇక్కడే నిలబడ్డారేం?" అంది సుగుణ.

బస్టాండు పక్క తుమ్మచెట్టు మీద కాకి గూడుంది. పుల్లల మధ్య నుంచి తెల్లగా, జానెడు పొడుగున, గాలికి ఊగుతోంది.

చెట్టు కింద టీ బడ్డీ. పాల గిన్నె మీద, నీళ్ల కుండ మీద బిగించి కట్టిన తెల్ల కాయితం. చుట్టూ జనం టీ తాగుతున్నారు. నేను పెట్టె కింద పెట్టి బడ్డీ దగ్గరకు నడిచాను. బడ్డీ ఆయన కృష్ణానదికి అవతలి ఒడ్డు వాడు. నవ్వుతూ పలకరించాడు.

"ఈ మూత కాయితం ఎక్కడిది?" అని అడిగాను.

"మంచిగుంది కదా సార్. ఈగ వాలదు, దుమ్ము పడదు" అన్నాడు గ్లాసు తుడుస్తూ. "ఇదొక్కటే కాదు, ఊరంతా ఉన్నయ్. మీకూ ఒకటి కావాల్నా?"